పేగు నమ్మడం లేదు

గోడ గడియారంలో తొమ్మిదీ ఐదు అయింది. పది గంటలకి నా నోట్లో సూపు పోస్తారు. ఆ సూపు గొంతు దిగి, పొట్ట దిగి, ఆరు రోజుల కిందట జానెడు ముక్క కోసేసి రెండు కొసలూ కలిపి కుట్టిన పేగులోకి వెళ్తుంది. ఆ పేగు ఇంకా నిద్రలేవలేదు. ఆ సంగతి ఈ భూమ్మీద నాకొక్కడికే తెలుసు, ఎందుకంటే లేచిందని గంట కిందట చెప్పింది నేనే. పెద్ద అబద్ధమేం కాదు, ఒక్క అక్షరం. నర్సు అట్టకి తగిలించిన కాగితం పట్టుకుని గుమ్మంలోంచే "పెద్దాయనా, గాలి వెళ్ళిందా?" అనడిగింది, నేను "ఆ" అన్నాను, ఆవిడ టిక్కు కొట్టింది. అంతే. టిక్కు కొట్టిన పెన్ను జేబులో పెట్టుకోక ముందే మా ఆవిడ "అమ్మయ్య" అని సంచీ భుజానికి తగిలించుకుని సూపు కాచుకు రావడానికి ఇంటికి పరిగెత్తింది. నర్సు లోపల ఆపరేషన్లో ఉన్న డాక్టరుకి ఫోను చేయిస్తే, పదింటికి నాలుగు చెంచాలు పోసి చూడమన్నాడట. ఒక్క అక్షరానికి ఇంతమంది ఇంత చురుగ్గా కదలడం నేను ముప్పై ఒక్కేళ్ళ ఉద్యోగంలో చూడలేదు.

ఆ డాక్టరు మొదటి రోజే వేలు ఊపుతూ చెప్పాడు. పేగుని చేత్తో ముట్టుకుంటే అలుగుతుందండీ, అలిగి ముసుగు తన్ని పడుకుంటుంది, దానంతటది లేవాలి, లేచానని చెప్పడానికి దానికి వచ్చిన భాష ఒకటే, కింద నుంచి గాలి పోవడం, అది పోయేదాకా చుక్క నీళ్ళు కూడా వద్దు. పోకముందే ఏమన్నా తాగితే లోపల దారి ఉండదు, పొట్ట ఉబ్బుతుంది, వెనక్కి తన్నుతుంది, ఆ బరువంతా కుట్ల మీద పడుతుంది, కుట్లు విడితే మళ్ళీ తెరవాలి, రెండోసారి తెరిచిన పొట్ట గురించి నేను మాటివ్వలేను. మాటివ్వలేను అన్నది మామూలు గొంతుతోనే అన్నాడు, బస్సు కాస్త ఆలస్యంగా వస్తుందని చెప్పినట్టు. ఆ మాటే ఇప్పుడు పొట్ట మీద వేసిన కట్టు కింద బిగుసుకుని కూర్చుంది. పొట్ట కోస్తే అక్షరమ్ముక్క లేదని మా నాన్న నన్ను చిన్నప్పుడు తిట్టేవాడు, తీరా కోసి చూస్తే ఉన్న ఒక్క అక్షరమూ పొద్దున్నే వాడేశాను.

మరి ఎందుకు వాడావయ్యా అంటే, ఆ మూల కుర్చీలో మా వియ్యపురాలు కూర్చుని ఉంది. మా అమ్మాయి అత్తగారు. ఆడపిల్లల బడికి పెద్ద టీచరుగా చేసి రిటైరైంది. ఆవిడ కూర్చుంటే కుర్చీ కూడా వెన్ను నిటారుగా పెట్టుకుంటుంది. ఈ ఆరేళ్ళలో ఆవిడ ఎదుట నేను ఒక్కసారి ఆవులించలేదు, ఆవులింత వస్తే ఫోనొచ్చినట్టు నటించి బయటికెళ్ళి ఆవులించి వచ్చేవాణ్ణి. ఓసారి వాళ్ళింట్లో భోంచేశాక త్రేన్పు వస్తే దాన్ని వెనక్కి మింగి, దారంతా మోసుకొచ్చి, మా గుమ్మంలో దింపుకున్నాను. అసలు మా ఇంట్లో గాలికి పేరే లేదు. పిల్లల చిన్నప్పుడు ఎవరన్నా వదిలితే మా ఆవిడ "ఎవరో తలుపు తీసినట్టున్నారు" అనేది, పిల్లలు లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చేవాళ్ళు. అలాంటి ఇంట్లో మనిషిని పట్టుకుని, అలాంటి వియ్యపురాలి ముందు, గుమ్మంలోంచి కేకేసి అడిగితే ఏం చెప్తాడు. వెళ్ళలేదంటే నర్సు ఊరుకోదు, నిన్నటిలాగే దగ్గరికొచ్చి, ఎంతసేపయింది, వచ్చినట్టనిపించి ఆగిందా, చిన్నదన్నా పోలేదా అని ఆరా తీస్తుంది. వియ్యపురాలేమో ఒళ్ళో ఆపిల్ పళ్ళ సంచీ పెట్టుకుని వింటూ ఉంటుంది. ఆ పళ్ళు నేను తినకూడదని ఆవిడకీ తెలుసు, కానీ ఆస్పత్రికి ఉత్త చేతులతో రాకూడదు కదా. ఇలా వచ్చిన పళ్ళన్నీ మా ఆవిడ పక్క గదుల వాళ్ళకి పంచుతోంది, వాళ్ళూ తినకూడదు, వాళ్ళు తర్వాతి గది వాళ్ళకిస్తున్నారు. మొన్న మేమిచ్చిన ఆపిల్ సంచీ నిన్న సాయంత్రం తిరిగి మా దగ్గరికే వచ్చింది, ఒక పండు తక్కువతో.

తొమ్మిదీ పద్నాలుగు. ఇప్పుడైనా చెప్పొచ్చు. గొంతు సవరించుకుని, వదినగారూ, కాస్త నర్సుని పిలుస్తారా, అంటే చాలు. ఆవిడ పేపరు చదువుతోంది, పేపరు కూడా నిటారుగానే పట్టుకుంది. కానీ ఒక్క ఆవిడతో అయిపోయే వ్యవహారమా ఇది. దిండు పక్కన నా ఫోను పావుగంట నుంచీ వణుకుతూనే ఉంది. మా అమ్మాయి ఆఫీసుకెళ్తూ దారిలోనే, నలభై ముగ్గురు చుట్టాలున్న గ్రూపులో, "నాన్నకి గాలి వెళ్ళింది" అని పెట్టేసింది. చప్పట్లు, పూలు, దణ్ణాలు, శుభాకాంక్షలు. మేనమామ ఎన్ని గంటలకని అడిగాడు. ఒక పిన్ని మంచి గడియలోనే వెళ్ళింది అని రాసింది. ఎన్నో ఏళ్ళుగా మాతో మాటల్లేని బాబాయి, ఇలాంటి కబురు ఫోను చేసి చెప్పాలి గానీ అందరితో పాటు గ్రూపులో పడేస్తారా అని అలిగాడు. నాకు ప్రమోషనొచ్చినప్పుడు ఇందులో సగం కూడా రాలేదు. ఇప్పుడు వెళ్ళలేదని చెప్తే ఆ పూలన్నీ ఎవరు ఏరుకుంటారు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు, నాది మరీ ఎంత బాగా అతుక్కుపోయిందంటే, ఊడదీస్తే చర్మం కూడా వచ్చేట్టుంది.

ఉన్న దారి ఒకటే, పదింటిలోపు దాన్ని నిజం చేసెయ్యడం. డాక్టరు చూయింగ్ గమ్ ఇచ్చాడు, పూటకి రెండు బిళ్ళలు. నోరు నములుతుంటే లోపలున్న పేగుకి తిండి వస్తోందనిపించి లేచి కూర్చుంటుందట. ఉత్తుత్తి నమలడం. అది విని నాకు నవ్వొచ్చింది, కుట్లు గుర్తొచ్చి ఆపుకున్నాను. ఎందుకంటే ముప్పై ఒక్కేళ్ళు నేను చేసిన ఉద్యోగం అదే. బిస్కెట్ల ఫ్యాక్టరీలో రుచి చూసేవాణ్ణి. లైను మీద నుంచి పావుగంటకో పళ్ళెం వస్తుంది, ఒక బిస్కెట్టు కొరికి, పదిహేడుసార్లు నమిలి, కరకర ఎంత, తీపి ఎంత, వెన్న వాసన ఎంత అని పదికి మార్కులేసి, నమిలిందంతా పక్కనున్న స్టీలు గ్లాసులో ఉమ్మేసి, నీళ్ళు పుక్కిలించి, తర్వాతి పళ్ళెం. మింగకూడదు. మొదటి నెల మింగాను, ప్యాంట్లన్నీ బిగుతైపోయాయి. నాకు పని నేర్పిన పెద్దాయన వేలు పెట్టి నా పొట్ట మీద పొడిచి, "ఒరేయ్, నమలడం కంపెనీ పని, మింగడం నీ సొంత పని, రెండూ కలపకు" అన్నాడు. ఆ రోజు నుంచీ కలపలేదు. ఫ్యాక్టరీలో నన్ను నాలుకగారు అనేవాళ్ళు. నాలుకగారొచ్చారా, నాలుకగారు సంతకం పెట్టారా. పొట్ట ఊసు ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

అది మాత్రం పాపం రోజూ సిద్ధమయ్యేది. ఓవెన్ తలుపు తీసిన వాసన ముక్కుకి తగలగానే నోట్లో నీళ్ళూరేవి, నాలుక కింద, చెంపల లోపల, ఎక్కడెక్కడి కుళాయిలన్నీ తిప్పినట్టు. నమలడం మొదలవగానే కింద పొట్టకి కబురెళ్ళేది, చుట్టాలు బయల్దేరారు, పొయ్యి వెలిగించండి. పొట్ట తన ఆమ్లమేదో పోసుకుని, గోడలు తడుపుకుని, చేతులు కడుక్కుని గుమ్మంలో నిలబడేది. చుట్టాలు రారు. నాలుకగారు గ్లాసులో ఉమ్మేశారు. పావుగంటకి మళ్ళీ కబురు, ఈసారి నిజంగానే బయల్దేరారు. మళ్ళీ పొయ్యి, మళ్ళీ గుమ్మం. రోజుకి పాతికసార్లు. ఇలా ఏ ఇంటికైనా ఫోన్లు చేస్తే ఆ ఇల్లాలు ఎన్నాళ్ళు నమ్ముతుంది, రెండో వారానికి ఫోనెత్తి పక్కన పడేస్తుంది. మధ్యాహ్నం ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బా తెరిచి నిజంగా నాలుగు ముద్దలు తిన్నా కడుపులో రాయిలా ఉండేది, లోపల ఎవరూ లేచి పలకరించేవాళ్ళు కాదు. అజీర్తి అని మాత్రలు మింగాను. ఇప్పుడు ఐదు రోజులుగా ఈ గమ్ నములుతుంటే ఆ పేగు ముసుగులోంచే అనుకుంటుంది, ఆ, ఈయనేలే, ఉమ్మేస్తాడు. పదిహేడుసార్లు అయ్యేసరికి నా నోరు దానంతటదే ఆగిపోతోంది. పొట్ట దగ్గర పరపతి పోగొట్టుకున్న మనిషికి ఏ డాక్టరు మందిస్తాడు.

తొమ్మిదీ ముప్పై ఒకటి. ఎడమవైపు ఒత్తిగిల్లాను. నిన్న వార్డులో ఎవరో ఎడమవైపు మంచిదన్నారు, మొన్న ఇంకెవరో కుడివైపు అన్నారు. పేగంటే ఇరవై అడుగుల గొట్టమట. పైనుంచి నొక్కుకుంటూ, వదులుకుంటూ, మళ్ళీ నొక్కుకుంటూ ముందుకి తోస్తుందట. మా ఆవిడ టూత్‌పేస్టు గొట్టాన్ని కింది నుంచి మడిచి, వేలితో ఒత్తి, దువ్వెన వెనక వైపుతో గీసి, ఆఖర్న కత్తెరతో కోసి లోపలిది కూడా గీరుతుంది. మా ఆవిడకున్న పట్టుదలలో పదోవంతు నా పేగుకుంటే చాలు. రా. మెల్లగా రా. ఎవరూ వినరు. కాదు, రాకు, వియ్యపురాలు ఉంది. కాదు, రా. ఇదిగో ఇదే నా బతుకు, పైనుంచి రమ్మంటాను, కింద తలుపు గట్టిగా పట్టుకుంటాను. ఆవిడ పేపరు తిప్పింది. ఆ చప్పుడుకే ఒళ్ళంతా బిగుసుకుంది. లోపల ఏదో కదిలినట్టయి, ఆవిడ దగ్గేసరికి ఆగిపోయింది. నుదుటి మీద చెమట పట్టింది. పొట్ట డప్పులా ఉంది. దీనిలోకి నాలుగు చెంచాలు. అవి ఎక్కడికెళ్తాయి. గొంతులో వెక్కిలి ఒకటి మొదలవబోయి మానేసింది. వెక్కిలి వస్తే చెప్పమన్నాడు డాక్టరు, అది మంచిది కాదు అన్నాడు.

"అన్నయ్యగారూ, చెమటలు పడుతున్నాయే, ఫ్యాను పెంచనా?" అంది వియ్యపురాలు.

"అబ్బే, హాయిగా ఉంది వదినగారూ" అన్నాను. రెండో అబద్ధం. మొదటిదానికి తోడుగా ఉంటుందని.

తొమ్మిదీ నలభై రెండుకి మా ఆవిడ వచ్చింది, కొంగుతో చుట్టిన ఫ్లాస్కుని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని. మెట్లెక్కి రావడంతో ఆయాసపడుతోంది, కానీ మొహం వెలిగిపోతోంది. ఆ వెలుగు చూసి ఎన్నేళ్ళయిందో. పెళ్ళైన కొత్తలో వండి పెట్టి ఎలా ఉంది అనడిగేది. నేను నమిలి, ఆలోచించి, ఉప్పు ఏడు, ఉడుకు ఆరు, వాసన ఎనిమిది అనేవాణ్ణి. వెక్కిరింత కాదు, నాకు తెలిసిన పొగడ్త అదే, ఫ్యాక్టరీలో ఎనిమిదొస్తే లైను వాళ్ళు ఒకళ్ళ చేతులొకళ్ళు కలుపుకునేవాళ్ళు. మొదట్లో నవ్వేది. తర్వాత అడగడం మానేసింది. అడక్కపోయినా చెప్పేవాణ్ణి. తర్వాత తను వంటింట్లోనే తినేసి, నాకు మూతపెట్టి ఉంచేది. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో నేను పదికి పది ఒక్కసారీ వేయలేదు, పది వేస్తే ఆ పైన చోటుండదని కంపెనీలో నేర్పారు. ఇప్పుడా మనిషి కప్పూ చెంచా వేణ్ణీళ్ళతో కడిగి, రుమాలుతో తుడిచి, నాకు మెడ కింద తువ్వాలు కడుతోంది. ఆ చేతులకి ఉల్లిపాయ వాసన. ఈ చేతులే పదింటికి నాకు పోస్తాయి. కుట్లు విడితే, మాటివ్వలేను అన్న మాట నిజమైతే, ఈవిడ మిగతా బతుకంతా ఏమనుకుంటుంది. నా చేత్తో పోశాను అనుకుంటుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు, ఇది నా కాళ్ళ మీద పడదు, ఈవిడ కాళ్ళ మీద పడుతుంది. నలభై ముగ్గురూ పూలు పట్టుకుని నిలబడి చూస్తారు.

తొమ్మిదీ నలభై తొమ్మిది. నర్సు వచ్చింది. పదింటిదాకా ఆగలేక మా ఆవిడ చెంచా నింపింది. ఆవిరి మెల్లగా లేస్తోంది. చెంచా నా పెదాల దాకా వచ్చింది.

"వెళ్ళలేదు" అన్నాను.

"ఏంటండీ వెళ్ళలేదు?" అంది నర్సు.

"గాలి. పొద్దున వెళ్ళిందన్నాను. వెళ్ళలేదు."

చెంచా గాల్లోనే ఆగింది. పేపరు కిందికి దిగింది. నర్సు కాగితం మీద టిక్కుని కొట్టేసింది, పెన్ను రెండుసార్లు గట్టిగా గీసింది. "బాగుంది. డాక్టరుగారికి నేనిప్పుడు ఏమని చెప్పాలి? పొట్ట చూడండి ఎలా ఉందో. ముక్కులోంచి ట్యూబు వేస్తాను, ఎక్స్‌రే తీయిస్తాను, మధ్యాహ్నానికి కదలకపోతే ఆయనే చూసుకుంటారు" అంటూ వెళ్ళిపోయింది. ఆయనే చూసుకుంటారంటే ఏమిటో ఆ గదిలో అందరికీ తెలుసు.

మా ఆవిడ చెంచాలోది తిరిగి కప్పులో పోసింది, ఒక్క బొట్టు ఒలకలేదు. "మరి ఎందుకు చెప్పారు?" అంది. నా కళ్ళు మూల కుర్చీ వైపు వెళ్ళాయి. తనూ అటు చూసింది. వియ్యపురాలు తన ఒళ్ళో పళ్ళ సంచీ వైపు చూసుకుంది, ఆ ఆపిల్ పళ్ళే వెళ్ళి చెప్పేశాయన్నట్టు. నవ్వలేను, లేవలేను, పారిపోలేను. కానీ విచిత్రం, బిగబట్టుకున్న తలుపేదో కాస్త వదులైంది. ఇక దాచడానికి ఏమీ లేదు కదా.

మా ఆవిడ తిడుతుందనుకున్నాను. కుర్చీ దగ్గరికి లాక్కుంది. కప్పు నా ముక్కు దగ్గర పెట్టింది. "తాగొద్దు. ఊరికే వాసన చూడండి. మార్కులు వేయకండి."

ఆవిరి తగిలింది. "ఉల్లిపాయ సన్నగా తరిగి, చెంచాడు వెన్నలో సన్న సెగ మీద పెట్టాను. ఎర్రగా కాదు, అద్దంలా అయ్యేదాకా. తర్వాత క్యారెట్టు. అది తీపి వదిలేదాకా మూతపెట్టాను. తర్వాత నీళ్ళు. మిరియాలు రెండే, మీకు ఘాటు పడదని నలగ్గొట్టకుండా వేసి తీసేశాను. వడకట్టాను, మళ్ళీ వడకట్టాను." ఏ వంట గురించైనా తను ఇంతసేపు నాతో చెప్పడం ఎన్నడు విన్నాను. చెప్పేదేమో, నేను వినలేదేమో. వెన్నా ఉల్లిపాయా కలిసిన వాసన ముక్కులోంచి నాలుక వెనక్కి, అక్కణ్ణించి ఇంకెక్కడికో పోయింది, నోట్లో నీళ్ళూరాయి, మింగాను, మళ్ళీ ఊరాయి. ఈసారి పేగుకి కబురంపింది నేను కాదు, ఈవిడ. ముప్పై నాలుగేళ్ళలో ఈవిడ వస్తోందని చెప్పిన తిండి ఏదీ రాకుండా పోలేదు. లోపల ఎవరో ముసుగు తీసినట్టయింది. ఎక్కడో ఎడంపక్కన, ఖాళీ కుండలో నీళ్ళు తిప్పినట్టు గుడగుడ. ఆగింది. మళ్ళీ, ఇంకాస్త కిందికి. నొప్పి ఒకటి మెలిక తిరిగి, కుట్ల పక్కనుంచి సర్దుకుంటూ, దారి అడుగుతూ పోయింది. మా ఆవిడ చెప్తూనే ఉంది, ఉప్పు ఆఖర్న వేశాను, చిటికెడు. నేను తలుపు పట్టుకోలేదు. అది వెళ్ళింది. చిన్నగా కాదు.

ఎవరూ తలుపు వేయడానికి లేవలేదు.

నర్సు ట్యూబు పట్టుకుని వచ్చింది, చేతులకి తొడుగులేసుకుని. "వెళ్ళింది" అన్నాను.

"ఆ, ట్యూబు చూశాక అందరికీ వెళ్తుంది. పొద్దున కూడా మీరిలాగే చెప్పారు పెద్దాయనా."

"వెళ్ళిందమ్మా, నిజం" అంది మా ఆవిడ.

"మీరు ఆయన భార్య. పొద్దున అమ్మయ్య అన్నది మీరే. తల వెనక్కి పెట్టండి."

ట్యూబు ముక్కు దాకా వచ్చింది. చల్లగా తగిలింది. మూల కుర్చీ కిర్రుమంది. వియ్యపురాలు లేచి నిలబడింది, పళ్ళ సంచీ కింద పెట్టి, కొంగు సర్దుకుని, పరీక్ష హాల్లో కాపీ కొట్టిన పిల్లని లేపినప్పుడు నిలబడినట్టు.

"నేను విన్నాను" అంది.

నర్సు ఆగింది. "మీరు?"

"మా కోడలి తండ్రిగారు. నాకు చెవులు బాగానే పనిచేస్తాయి. తొమ్మిదీ యాభై ఎనిమిది." చేతి గడియారం వైపు ఇంకోసారి చూసుకుంది. "రెండు సార్లు. రెండోది మీరు గుమ్మంలో ఉండగానే. రాసుకోండి."

నా లెక్కకి ఒకటే. కాదనే ధైర్యం లేదు. నర్సు ఆవిణ్ణి చూసింది, నన్ను చూసింది, ట్యూబు పళ్ళెంలో పెట్టి, స్టెతస్కోపు నా పొట్ట మీద ఆనించింది. చాలాసేపు విన్నది. ఇంకోచోట ఆనించింది. కొట్టేసిన టిక్కు పక్కనే ఇంకోటి కొట్టి, ఫోను చేయడానికి వెళ్ళింది. వియ్యపురాలు కూర్చుని పేపరు ఎత్తుకుంది. "మీరు ఫ్యాను వద్దన్నారు గానీ అన్నయ్యగారూ, కిటికీ కాస్త తెరుస్తాను" అంది పేపరు వెనకనుంచి.

పదీ ఇరవైకి మొదటి చెంచా. గోరువెచ్చగా ఉంది. నాలుక పని మొదలెట్టింది, దానికి వేరే పని రాదు. ఒకటి, రెండు, మూడు అని దవడలు ఆడుతున్నాయి, సూపుని ఎవరైనా నములుతారా. పదిహేడు దగ్గర అలవాటుగా చెయ్యి పక్కనున్న బల్ల మీద గ్లాసు కోసం వెళ్ళింది. మా ఆవిడ గ్లాసుని అటు జరిపింది. మింగాను. అది మెల్లగా, వెచ్చగా, చోటు చోటునా ఆగి తలుపు తట్టుకుంటూ దిగడం తెలుస్తోంది. ఎక్కడా ఎవరూ వెనక్కి పంపలేదు.

మా ఆవిడ ఏమీ అడగలేదు. చెంచా పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది.

"ఇంకో చెంచా" అన్నాను.